ఎస్తేరమ్మ ఎడమ పెడలు

గుడిమెట్టపట్నం పురపాలక సంఘానికి సైకిలు మీద ప్రేమ పుట్టింది ఒక బుధవారం నాడు. కమిషనర్ గారు ఎక్కడికో శిక్షణకు వెళ్ళి వారం రోజులుండి వచ్చిన మర్నాడన్నమాట. ఆయన వెళ్ళిన చోట పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా సైకిళ్ళ మీదే ఆఫీసుకు వస్తారట. ఆ దృశ్యాన్ని ఆయన కారు అద్దంలోంచి చూసి చలించిపోయారు. రాగానే ఉత్తర్వు ఇచ్చారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఉద్యోగానికి వెళ్ళేవారైనా, వ్యాపారానికి వెళ్ళేవారైనా, కూలికి వెళ్ళేవారైనా సైకిలు మీదే వెళ్ళాలి. అలా జరిగితే పట్నానికి "ఆదర్శ సైకిలు పట్టణం" అనే బహుమతి వస్తుంది.

ఉత్తర్వు విని అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు భద్రాచారి. పురపాలక సంఘం ప్రహరీకి ఎదురుగా రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా ఆయనది సైకిలు షాపు. మోటారు సైకిళ్ళు పెరిగాక షాపుకొచ్చేవాళ్ళు తగ్గారు. అయినా రోజూ స్నానం చేసి, విశ్వకర్మ పటానికి దీపం పెట్టి, పనిముట్లకు బొట్టు పెట్టి గానీ రెంచీ ముట్టుకునేవాడు కాదు. ఆ బుధవారం సాయంత్రం కొబ్బరికాయ కొట్టాడు.

"చూశావా మాణిక్యం, స్వామి ఆలస్యం చేస్తాడు గానీ మరిచిపోడు" అన్నాడు భార్యతో.

"ఉత్తర్వు మొత్తం చదివారా?" అంది మాణిక్యమ్మ.

"చదవడమెందుకు? సైకిలు తొక్కమన్నారు, అంతే కదా."

"మొన్న కుళాయి ఉత్తర్వు కూడా నీళ్ళు తాగమనే మొదలైంది" అని ఆవిడ కొబ్బరిచిప్ప తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

భద్రాచారి పద్ధతి వేరు. ఎవరైనా సైకిలు కావాలని వస్తే ముందు సైకిలు సంగతి ఎత్తడు. "ఆ మూల కిళ్ళీ కొట్టు దాకా వెళ్ళి రండి" అంటాడు. మనిషి నడిచి వెళ్ళి వచ్చేదాకా నడుమూ మోకాళ్ళూ భుజాలూ చూస్తాడు. తరవాత "ఏం మోస్తారు? ఎంత దూరం? దారిలో ఎత్తు ఎక్కడుంది?" అని మూడు ప్రశ్నలు అడుగుతాడు. పాత ఫ్రేమూ, కొత్త రిమ్ములూ, ఎవరో అమ్మేసిన హ్యాండిలూ కలిపి వారం తిరిగేసరికి ఆ మనిషికి సరిపోయే సైకిలు బిగిస్తాడు. ఇడ్లీలమ్మే కనకయ్యకు వెనక క్యారేజీ రెండడుగుల వెడల్పు. గుడి అర్చకులు శేషాచార్యుల వారికి మధ్య బద్ద కోసి కిందికి వంచాడు, మడిపంచె పైకెత్తకుండా ఎక్కడానికి.

వీటన్నిటిలోనూ ఆయనకు ముచ్చటైన సైకిలు ఎస్తేరమ్మది. ఆమె ఊరి చివర నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పుట్టుకతోనే ఎడమ కాలు కురచ. ఆమె కోసం భద్రాచారి సీటు బాగా కిందికి దించి, ఎడమ పెడలు మీద రెండున్నర అంగుళాల టేకు దిమ్మ బిగించాడు. ముందు కూరగాయల గోనె పట్టే ఇనప తొట్టి పెట్టాడు. ఆ సైకిలెక్కితే ఎస్తేరమ్మకు కుంటు ఉన్నట్టే తెలియదు. పొద్దున్న ఎనిమిదింటికి ఆమె పొయ్యి వెలిగిస్తేనే పన్నెండింటికి తొంభై మంది పిల్లల కంచాల్లో అన్నం పడుతుంది.

ఉత్తర్వులో నాలుగో నిబంధన ఆమెతోనే బయటపడింది.

ఒకటో తారీఖు సోమవారం. టౌన్ ప్లానింగ్ అధికారి వైకుంఠరావు గారు కూడలిలో టేపు పట్టుకుని నిలబడి ఎస్తేరమ్మను ఆపారు. ఆమె సైకిలును నాలుగు వైపులా కొలిచారు, కాగితం మీద రాసుకున్నారు, తాళం వేయించారు. ఆమె నడుచుకుంటూ భద్రాచారి షాపుకొచ్చింది.

"బాబాయి గారూ, నా బండి పట్టుకుపోయారండి. అదనపు అంతస్తు కట్టానంటున్నారు."

"ఏం కట్టావమ్మా?"

"ఎడమ పెడలు మీద దిమ్మ ఉంది కదండి, అది రెండో అంతస్తంట."

భద్రాచారి చేతులు తుడుచుకుని ఎదురుగా ఆఫీసులోకి వెళ్ళాడు. వరండాలో ఒక ఎత్తు బల్ల మీద, గాజు పెట్టెలో, మెళ్ళో బంతిపూల దండతో ఒక కొత్త సైకిలు నిలబడి ఉంది. కింద "నమూనా సైకిలు" అని రాసి ఉంది. ఏది సైకిలో ఏది కాదో తేలకపోతే ఉత్తర్వు అమలు చేయడం ఎలాగని ఎవరో గుమాస్తా సందేహం రాస్తే, కమిషనర్ గారు దీన్ని తెప్పించారట. అట్టపెట్టె విప్పిన మనిషికి సీటు బోల్టు పట్టేసి, సీటు ముప్పై ఎనిమిది అంగుళాల దగ్గర ఆగిపోయింది. అందుచేత ముప్పై ఎనిమిది అంగుళాలే చట్టం అయింది.

వైకుంఠరావు గారు మంచి మనిషి. ఎవరి మీదా కోపం పెట్టుకోరు, ఏ కాగితమూ పారేయరు.

"ఆచారీ, నాలుగో నిబంధన విను. 'పట్టణ పరిధిలో నడుపబడు ప్రతి సైకిలు నమూనా సైకిలును అన్ని కొలతలయందును పోలి యుండవలెను. పోలనిచో డీవియేషనుగా పరిగణించవలెను.' ఈ ఆఫీసులో డీవియేషన్, అంటే ప్లాను తప్పి కట్టడం, చూసేది మా సెక్షన్ ఒక్కటే. అందుకని సైకిళ్ళు నాకొచ్చాయి. నేను కావాలనుకున్నానా?"

"అయ్యా, ఆవిడ కాలు కురచండి. దిమ్మ లేకపోతే అందదండి."

"నేను కాదన్నానా? క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టుకో. ఫారం ఒకటే ఉంది, ఇళ్ళది. అదే నింపు."

భద్రాచారి అరుగు మీద కూర్చుని శ్రద్ధగా నింపాడు. అబద్ధం రాయకూడదన్నది ఆయన నియమం. 'నిర్మాణమునకు నాలుగు వైపుల వదలిన ఖాళీ స్థలము' అన్న చోట 'రోడ్డు ఎంత ఉంటే అంత' అని రాశాడు. 'వాననీటి ఇంకుడు గుంత' అన్న చోట 'మడ్‌గార్డు' అని రాశాడు. 'వాహనము నిలుపుటకు కేటాయించిన స్థలము' దగ్గర చాలాసేపు ఆలోచించి 'స్టాండు' అన్నాడు. 'అగ్నిప్రమాదము సంభవించినచో బయటపడు మార్గము' దగ్గరకొచ్చేసరికి, "ఏం రాయనమ్మా?" అని ఎస్తేరమ్మను అడిగాడు.

"దూకేస్తానండి."

'దూకుట' అని రాశాడు.

వైకుంఠరావు గారు ఫారం చదివి మెచ్చుకున్నారు. "ఇన్ని గళ్ళూ నింపిన ఫారం నా సర్వీసులో ఇదే మొదటిది. కానీ ఒక చిక్కుంది. సైకిలు నమూనా ప్రకారం ఉండాలి. నమూనా మనిషికి సరిపోవడం లేదంటే లోపం సైకిల్లో ఉన్నట్టు కాదు, మనిషిలో ఉన్నట్టు. అంటే అసలు డీవియేషన్ కాల్లో ఉంది. ముందు కాలు క్రమబద్ధీకరించాలి." ఎస్తేరమ్మ వైపు తిరిగారు. "ఈ కాలు ఎప్పట్నించి ఇలా ఉంది?"

"పుట్టినప్పట్నించీ అండి."

"అనుమతి లేకుండానా?"

ఎస్తేరమ్మ భద్రాచారి వైపు చూసింది. భద్రాచారి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నేను చదువుకున్నవాణ్ణి కాను, తప్పయితే మన్నించండి. ముప్పై ఏళ్ళ నించీ మనుషుల కాళ్ళు చూస్తున్నాను. ఏ ఇద్దరివీ ఒక్కలా లేవు. ఒకే మనిషికి రెండు కాళ్ళూ ఒక్కలా ఉండటం కూడా నేను తక్కువే చూశాను. మరి వాటిని చేసినాయన ఏ ఆఫీసులో ప్లాను పాసు చేయించుకున్నాడో నాకు తెలీదండి."

ఎగతాళి చేయాలని అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. వైకుంఠరావు గారు కూడా నిజంగానే ఆలోచించారు.

"మంచి పాయింటు. అయితే నిర్మాత వేరే ఉన్నాడన్నమాట. ఆయనకు నోటీసు ఇవ్వందే ఫైలు కదలదు. ఎవరాయన?"

"దేవుడండి."

ఆయన రాసుకున్నారు.

మర్నాటికి నోటీసు తయారైంది. 'విషయము: ఎస్తేరమ్మ ఎడమ కాలు, అనుమతి లేని కురచదనము గురించి. సదరు కాలి నిర్మాత అయిన శ్రీయుత దేవుడు గారికి (చిరునామా తెలియదు) తెలియజేయునది ఏమనగా, ఈ నోటీసు అందిన పదిహేను రోజులలోగా తమ ఆమోదిత ప్లానును దాఖలు చేయవలెను. చేయనిచో తదుపరి చర్య తీసుకొనబడును.' ఎవరి పరిధిలోకి వస్తుందో తేలక అటెండరు ఒక కాపీ గుడి గోడకూ, ఒకటి చర్చి తలుపుకూ, ఒకటి మసీదు గేటుకూ అంటించి వచ్చాడు.

శేషాచార్యుల వారు గుడి గోడ మీది కాపీ చదువుకుని షాపు దగ్గర ఆగారు. ఆయన సైకిలు మధ్య బద్దను నిబంధన ప్రకారం మళ్ళీ తిన్నగా వేయించాల్సి వచ్చింది. అప్పట్నించి మడిపంచెతో ఎక్కలేక సైకిలును పక్కన నడిపించుకుంటూ తిరుగుతున్నారు. 'సైకిలుతోపాటు నడచుటయు సైకిలు ప్రయాణమే' అని పురపాలక సంఘం వివరణ కూడా ఇచ్చింది.

"స్వామికి పదిహేను రోజులే గడువిచ్చారయ్యా ఆచారీ. ఆయన లెక్కలో అది రెప్పపాటు కూడా కాదు."

"జవాబిస్తాడంటారా?"

"ఆయన ఎప్పుడూ జవాబిస్తూనే ఉంటాడు. వీళ్ళ ఫారంలో ఇమడదు, అంతే" అని ఆచార్యుల వారు సైకిలును నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

పదిహేను రోజులు దేవుడికి పెద్ద లెక్క కాకపోవచ్చు గానీ బడి హెడ్‌మాస్టరుకు లెక్కే. "నా దగ్గర పిల్లలు తొంభై మంది. నీకు కుదరకపోతే చెప్పు, వంటకు ఇంకో గ్రూపు సిద్ధంగా ఉంది" అన్నాడు ఎస్తేరమ్మతో. ఆ మాట ఆమె భద్రాచారికి చెప్పలేదు. ఆమెను బడిలో దింపడానికి వెళ్ళినప్పుడు ఆయనే విన్నాడు.

అవును, ఆయనే దింపుతున్నాడు. భద్రాచారి సొంత సైకిలు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఊళ్ళో అందరి సైకిళ్ళూ దిద్దిన మనిషికి తన సైకిలు దిద్దుకోవడానికి ముప్పై ఏళ్ళలో తీరిక దొరకలేదు. వైకుంఠరావు గారి టేపుకు ఏ తప్పూ దొరకని సైకిలు అదొక్కటే. రోజూ పొద్దున్నే ఆయన ఎస్తేరమ్మను వెనక కూర్చోబెట్టుకుని నాలుగు కిలోమీటర్లు తొక్కేవాడు.

"బాబాయి గారూ, దిగి నడుస్తానండి, ఎత్తొచ్చింది" అనేది ఆమె.

"కూర్చోమ్మా. నువ్వు దిగితే నేను కూడా దిగాలి. ఎక్కడం నా వల్ల కాదు."

"పోనీ బడినే ఇటు దగ్గరికి జరపమని అర్జీ పెడదామాండి?"

"ఊరుకో. వైకుంఠరావు గారు వింటే పెట్టేస్తారు."

తొమ్మిదో రోజుకు ఆయన కుడి మోకాలు గుమ్మడికాయంత వాచింది. పదో రోజు పొద్దున మాణిక్యమ్మ ఆముదం కట్టు కట్టి, తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆ రోజు ఎస్తేరమ్మ నడిచే బడికి వెళ్ళింది. చేరేసరికి తొమ్మిదింబావు. పిల్లలకు అన్నం ఒంటిగంటన్నరకు పెట్టారు. "రేపు ఎనిమిదింటికి పొయ్యి వెలగకపోతే ఇక రానక్కర్లేదు" అన్నాడు హెడ్‌మాస్టరు.

సరిగ్గా ఆ రోజే బహుమతి కమిటీ పట్నానికి వచ్చింది.

కమిటీ అధ్యక్షుడు పెద్దాయన, ఖద్దరు చొక్కా, మెళ్ళో కళ్ళజోడు తాడు. ఆఫీసు ఆవరణలో తోరణాలు చూశాడు, గాజు పెట్టె చూశాడు, లెక్కల కాగితాలు చూశాడు. "నూటికి నూరు శాతం సైకిలు ప్రయాణం! సంతోషం. మరి కమిషనర్ గారు ఎలా వస్తారు?"

కమిషనర్ గారు రోజూ సైకిలును కారు మీద కట్టించుకుని వస్తారు. అది కూడా లెక్కలో సైకిలు ప్రయాణమే. కానీ ఆ మాట అధ్యక్షుడి ముఖం చూసి చెప్పడానికి నోరు రాలేదు.

"సైకిలు మీదేనండి" అన్నారు.

"అయితే కూడలి దాకా ఒకసారి తొక్కి చూపండి. మేము వెనక నడుస్తాం."

గాజు పెట్టె తెరిచి, దండ తీసి, నమూనా సైకిలును కిందికి దించారు. అప్పుడే అందరికీ ఒక సంగతి కనిపించింది. కమిషనర్ గారు పొట్టి మనిషి. హోదా వల్ల ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు. ఇద్దరు అటెండర్లు పట్టుకుని ఎక్కిస్తే, ముప్పై ఎనిమిది అంగుళాల ఎత్తు మీద రెండు కాళ్ళూ గాల్లో వేలాడుతూ ఆయన ఉండిపోయారు.

"ఆచారిని పిలవండి!"

భద్రాచారి కుంటుకుంటూ వచ్చాడు. సీటు చూశాడు, కమిషనర్ గారి కాళ్ళు చూశాడు. అలవాటు కొద్దీ, "ఒకసారి ఆ మూల కిళ్ళీ కొట్టు దాకా నడిచి రండి బాబూ" అనబోయి ఆగాడు.

"సీటు ఏడంగుళాలు దించాలండి. రెండు నిమిషాల పని."

"దించు మరి!"

"దించితే నమూనాకు డీవియేషన్ అవుతుంది కదండి" అన్నాడు భద్రాచారి వినయంగా.

కమిషనర్ గారు వైకుంఠరావు గారి వైపు చూశారు. వైకుంఠరావు గారు నిజాయితీపరుడు. "అవునండి. నమూనానే దించితే ఊళ్ళో సైకిళ్ళన్నీ డీవియేషన్లోకి వచ్చేస్తాయండి. పోనీ తమరు దరఖాస్తు పెట్టుకుంటే... తమరి కాళ్ళ నిర్మాతకు నోటీసు పోవాలి. ఆయనకు పాత నోటీసు ఒకటి ఇంకా పెండింగులో ఉంది."

అధ్యక్షుడు గేటు దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. కమిషనర్ గారు చుట్టూ చూశారు. ప్రహరీ వారగా పట్టుబడ్డ సైకిళ్ళు వరసగా ఉన్నాయి. అందులో అన్నిటికంటే కిందికి ఉన్న సీటు ఒకటి కనిపించింది. తాళం తీయించి, ఇనప తొట్టితో సహా దాని మీద ఎక్కేశారు.

"అయ్యా, ఆ ఎడమ పెడలు..." అన్నాడు భద్రాచారి. అప్పటికే బండి గేటు దాటింది.

కాళ్ళు అందాయి. కుడి కాలు బాగానే తిరిగింది. ఎడమ కాలు పైకొచ్చేసరికి దిమ్మ వల్ల మోకాలు గడ్డాన్ని తాకింది. కుడి పెడలుకు ఆయన మనిషిలా కూర్చున్నారు, ఎడమ పెడలుకు ఎగిరారు. కూర్చుంటూ ఎగురుతూ, కూర్చుంటూ ఎగురుతూ, మంగళవాద్యాల మధ్య కూడలి దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు కళ్ళజోడు పెట్టుకుని పెడలును వంగి చూశాడు.

"ఇదేమిటండీ, ఎడమ పక్క ఎత్తు?"

కమిషనర్ గారు రొప్పుతూనే, ముప్పై ఏళ్ళ సర్వీసు నేర్పిన గొంతుతో చెప్పారు. "ఇది మా పట్టణం రూపొందించిన ప్రత్యేక నమూనా అండి. సామాన్య సైకిలు వల్ల రెండు కాళ్ళకూ సమానమైన వ్యాయామం కలుగుతోంది. గుండె ఎడమ పక్కన ఉన్నందున, ఆ పక్క కాలికి అధిక వ్యాయామం కల్పించడం మా సంకల్పం."

"అద్భుతం!" అన్నాడు అధ్యక్షుడు. బహుమతి అక్కడికక్కడే ప్రకటించేశారు.

ఆ రోజు ఫైలు నడిచినంత వేగంగా ఆ ఆఫీసులో ఏ వాహనమూ నడిచి ఉండదు. మధ్యాహ్నం రెండింటికల్లా సవరణ ఉత్తర్వు బయటికొచ్చింది. పాత నమూనా రద్దు. కమిషనర్ గారు తొక్కిన సైకిలే ఇకపై నమూనా. రేపు ఉదయం ఆరు గంటల నుంచి, ప్రతి సైకిలు ఎడమ పెడలు మీదా రెండున్నర అంగుళాల టేకు దిమ్మ తప్పనిసరి.

ఎస్తేరమ్మ బడి నుంచి నడుచుకుంటూ వచ్చేసరికి, ఆమె సైకిలు గాజు పెట్టెలో ఉంది. తొట్టి నిండా బంతిపూలు.

"అదేంటండి, ఇప్పుడు తప్పేం లేదు కదండి, ఇచ్చేయమనండి" అంది.

వైకుంఠరావు గారు నిజంగా బాధపడ్డారు. "తప్పు లేకపోవడమే తప్పయిందమ్మా. తప్పుంటే ఎప్పటికైనా క్రమబద్ధీకరించి ఇచ్చేద్దును. ఇది నమూనా. నమూనా రోడ్డెక్కకూడదు. నీ కాలు మీద నోటీసు మాత్రం ఉపసంహరించుకున్నాం. గుడి దగ్గరా చర్చి దగ్గరా మసీదు దగ్గరా చించేయమని చెప్పాను."

ఎస్తేరమ్మ గాజు మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడవలేదు. "రేపు ఎనిమిదింటికి బాబాయి గారూ" అంది, అంతే.

భద్రాచారి గాజు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. కొలతలు తీసుకోవడానికి కాదు, అవి ఆయన చేతుల్లోనే ఉన్నాయి. షాపుకొచ్చి, తన సొంత సైకిలును కొక్కేనికి తగిలించాడు. సీటు దించాడు. చువ్వలు సరిచేశాడు. రేకు వంచి తొట్టి కట్టాడు. మోకాలు నొప్పికి పళ్ళు బిగబట్టి, మిగిలిపోయిన టేకు చెక్కను రంపంతో కోసి, ఆకురాయితో నునుపు చేసి, ఎడమ పెడలు మీద బిగించాడు. దీపాలు పెట్టే వేళకు మాణిక్యమ్మ కాఫీ పట్టుకొచ్చింది.

"మరి మీకు?"

"ఈ మోకాలితో నేనెక్కడికి తొక్కుతాను? షాపు ఎక్కడికీ పోదు కదా."

మర్నాడు పొద్దున ఏడింటికి కూడలిలో వైకుంఠరావు గారు టేపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎస్తేరమ్మను ఆపారు. సీటు కొలిచారు, తొట్టి కొలిచారు, దిమ్మ కొలిచారు. కాగితంతో సరిచూసుకున్నారు. మళ్ళీ కొలిచారు. నూలు పోగంత తేడా లేదు.

"పట్టణంలో కొత్త నిబంధనలన్నీ పాటించిన మొట్టమొదటి సైకిలు నీదేనమ్మా" అని ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చారు.

రాత్రికి రాత్రే ఎవరికి వారు దిమ్మలు బిగించుకుని, అప్పటికే రోడ్డు మీద జనం మొదలయ్యారు. కనకయ్య ఇడ్లీ డబ్బాలతో ఎగురుతూ వస్తున్నాడు. బ్యాంకు గుమాస్తాలు ఇద్దరు మోకాళ్ళతో గడ్డాలు పొడుచుకుంటూ పోతున్నారు. కమిషనర్ గారి కారు మీద కట్టిన సైకిలుకు కూడా దిమ్మ పడింది. షాపు ముందు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్న భద్రాచారికి అది చూస్తే నవ్వు రావాలి. రాలేదు. కళ్ళు ఒక్క సైకిలు వెంటే వెళ్ళాయి. టైము ఏడుంబావు. ఎనిమిదింటికి పొయ్యి వెలుగుతుంది. ఆ రోడ్డు మీద అంతమందిలో నిటారుగా వెళ్తున్నది ఎస్తేరమ్మ ఒక్కతే.